ఒకటి రెండు కుండీలకే చోటుంటే, వాసన ఉన్న పొట్టి గులాబీల్లో ఏది తెచ్చుకోవాలి?

పది పదిహేను గులాబీ మొక్కలున్న తోటలో ఒకటి రెండింటికి వాసన లేకపోయినా పెద్దగా లోటు తెలియదు. ఉన్నవే ఒకటి రెండు కుండీలైతే లెక్క వేరు. పొద్దున్నే పూవు విచ్చిందని ఆశగా వంగి వాసన చూస్తే కాగితం పూవులా ఏమీ లేకపోవడం ఎంత వెలితో, ఆ మొక్కకు ఏడాది పొడవునా నీళ్లు పోసినవాళ్లకే తెలుస్తుంది. నా మొదటి కుండీ గులాబీ అలాంటిదే. ముదురు ఎరుపు, అందమైన మొగ్గ, వాసన మాత్రం సున్నా. ఎర్రగా ఉంది కాబట్టి గుబాళిస్తుందనుకుని తెచ్చాను.

రంగుకీ వాసనకీ మనం అనుకున్నంత చుట్టరికం లేదు. 2015లో గులాబీ వాసన మీద వచ్చిన ఒక పరిశోధనలో ఘాటైన వాసన ఉన్న 'పాపా మెయాన్' రకాన్నీ, వాసన అంతగా లేని 'రూజ్ మెయాన్' రకాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ ఎర్ర గులాబీలే. తేడా అంతా రేకుల్లోని ఒక ఎంజైమ్‌లో కనిపించింది. జెరానియోల్ అనే సువాసన పదార్థం తయారవడంలో ఆ ఎంజైమ్‌కు ముఖ్యమైన పాత్ర ఉంది. వాసన ఉన్న రకంలో అది చురుగ్గా ఉంది, రెండోదాంట్లో దాదాపు నిద్రపోయింది. అందుకే ఇప్పుడు నేను ఎవరైనా సలహా అడిగితే రంగు సంగతి చివరికి వదిలేయమంటాను. ముందు తేల్చుకోవాల్సింది వాసన మీ దగ్గరికి ఎలా రావాలన్నది. తరువాత ఎంత కుండీ పెట్టగలరు. ఆ రెండూ తేలాక మిగిలే రకాల్లో నచ్చిన రంగు చూసుకోవచ్చు.

వంగి చూడాల్సిన వాసన, గాలిలో వచ్చే వాసన

చాలా గులాబీల్లో వాసన రేకుల్లో పుడుతుంది. ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే మత్తెక్కించేంత ఉన్నా, నాలుగడుగుల దూరంలో కూర్చుంటే తెలియకపోవచ్చు. కస్తూరి గులాబీ, మల్టీఫ్లోరా అనే అడవి గులాబీల వంశంలో పుట్టినవాటికి మరో గుణం ఉంది. వాటి వాసనలో చాలా భాగం కేసరాల నుంచి వస్తుంది. కాస్త లవంగం ఛాయ ఉంటుంది, గాలిలో తేలి మన దగ్గరికే వస్తుంది. పూవు చిన్నదే, రేకులు తక్కువే, చూడ్డానికి హంగూ ఆర్భాటం ఉండదు. కిటికీ పక్కన, కుర్చీ పక్కన పెట్టుకోవాలనుకునేవారికి మాత్రం ఇలాంటి మొక్కే సరైన తోడు.

రేకుల వాసనలోనూ తేడాలున్నాయి. పన్నీరు గులాబీ వాసన అని మనం అనేది డమాస్క్ వంశానిది. గులాబీ అనగానే మనసులో మెదిలే వాసన అదే. కొన్నిటిలో నిమ్మ, యాపిల్ లాంటి పండ్ల వాసన ఉంటుంది. కొన్నిటిలో టీ పొడి డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ ఆస్టిన్ సృష్టించిన ఇంగ్లిష్ గులాబీల్లో కొన్నిటికి 'మిర్' అనే వాసన ఉంటుంది. సోంపు నలిపినట్టుండే ఈ వాసన కొందరికి ప్రాణం, కొందరికి మందుల షాపు గుర్తొస్తుంది. కొనేముందు ఒకసారి స్వయంగా పీల్చి చూడాల్సింది ముఖ్యంగా దీన్నే.

పీల్చడానికీ వేళ ఉంది. ఎండ వెచ్చబడుతూ, గాలి లేకుండా, కాస్త తేమగా ఉన్న ఉదయం వేళ గులాబీ తన వాసన బాగా విడుస్తుంది. మిట్ట మధ్యాహ్నం నర్సరీకి వెళ్లి, పూర్తిగా విచ్చుకుని అలసిన పూవును వాసన చూసి 'ఇందులో ఏమీ లేదు' అనేయడం ఆ మొక్కకు అన్యాయం. ఉదయం వెళ్లండి, సగం విచ్చిన పూవును చూడండి.

చీటీ మీద రాసిన ఎత్తు

'కాంపాక్ట్', 'పొట్టి రకం' అని చీటీ మీద ఉన్నంత మాత్రాన నమ్మకండి. చాలా రకాలకు ఆ కొలతలు చల్లని దేశాల్లో, ఏడాదిలో సగం రోజులు నిద్రపోయే మొక్కలను చూసి రాసినవి. చలి తక్కువగా ఉండి మొక్క ఏడాదంతా పెరిగేచోట అదే రకం చీటీ మీది ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పెరగడం మామూలే. మూడడుగులని ఉంటే నాలుగున్నర అడుగులకు చోటుందా అని చూసుకోండి. ఇంగ్లిష్ గులాబీల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

చిట్టి గులాబీలు

మినియేచర్ గులాబీలన్నిటికీ మూలంగా చెప్పే మొక్క 'రూలెటీ'. స్విట్జర్లాండ్‌లో ఓ కిటికీ గట్టు మీద కుండీలో పెరుగుతుండగా దాన్ని గుర్తించారు. అంటే పుట్టుకతోనే ఇది కుండీ గులాబీ. అడుగు, అడుగున్నర ఎత్తు. ఎనిమిది పది లీటర్ల కుండీ చాలు. చోటు నిజంగా జానెడే అయితే ఇంతకన్నా మార్గం లేదు.

వాసన దగ్గరే ఇవి మనల్ని నిరాశపరుస్తాయి. పువ్వులతో నిండిన చిన్న ప్లాస్టిక్ కుండీలో బహుమతిగా ఇచ్చే చిట్టి గులాబీలను పూవు ఎక్కువ రోజులు నిలవాలని తయారుచేశారు, వాసన కోసం కాదు. పైగా ఆ కుండీలో ఒకటి కాదు, మూడు నాలుగు కొమ్మలు గుచ్చి పెంచిన మొక్కలుంటాయి. ఇంటికి తేగానే వాటిని విడదీసి వేరు వేరు కుండీల్లో పెట్టకపోతే ఒకదాని వేళ్లు ఒకటి నలిపేసుకుని అన్నీ ఎండిపోతాయి. 'చిట్టి గులాబీ బతకదు' అనే మాటకు సగం కారణం ఇదే.

వాసన కావాలంటే ఈ గుంపులో పేరు పెట్టి వెతకాలి. మినియేచర్ గులాబీల పితామహుడిగా పేరున్న రాల్ఫ్ మూర్ 1984లో ఇచ్చిన 'స్వీట్ చారియట్' అలాంటిది. ఊదారంగు చిన్న పూలు గుత్తులుగా వస్తాయి, కొమ్మలు వాలుతాయి కాబట్టి వేలాడే బుట్టకు బాగా నప్పుతుంది, పూవు గోరంతైనా పాత కాలపు గులాబీ వాసన గట్టిగా ఉంటుంది. చిట్టి రకాలన్నిటికీ ఒక శత్రువు ఎర్రనల్లి. పొడి ఎండలో ఆకు అడుగున చేరి రసం పీల్చేస్తుంది, ఆకులు పాలిపోయి రాలిపోతాయి. వారానికి రెండుసార్లు ఉదయం పూట ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో కడిగితే చాలావరకు అదుపులో ఉంటుంది.

పాలియాంథాలు: నా ఓటు వీటికే

మల్టీఫ్లోరా అడవి గులాబీనీ, ఏడాదంతా పూసే చైనా గులాబీనీ కలిపితే వచ్చిన వంశమిది. మొదటి పాలియాంథా 'పాకరెట్' 1875లో వచ్చింది. తల్లి నుంచి గాలిలో తేలే వాసన, తండ్రి నుంచి ఆగకుండా పూసే గుణం, ఇద్దరి కలయికలో పొట్టి రూపం. కుండీ పెట్టుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా నర్సరీల్లో వీటి గురించి అడిగేవారు తక్కువ. ఒక్కో పూవు చిన్నది కావడమే కారణమనుకుంటాను. విడిగా కోసి జడలో పెట్టుకుంటే కంటికి ఆనదు. గుత్తిగా చూడండి, ఒక్కో గుత్తిలో పది ఇరవై పూలు ఒకదాని తరువాత ఒకటి విచ్చుతూ రెండు వారాలు నడుస్తాయి.

అయితే వీటన్నిటికీ వాసన సమానంగా ఉండదు. 1932 నాటి 'ది ఫెయిరీ' చాలా గట్టి మొక్క, గులాబీ రంగు పూలతో కప్పేసుకుంటుంది, తెగుళ్లను తట్టుకుంటుంది, దాదాపు వాసనే లేదు. 1881 నాటి 'సెసిల్ బ్రూనర్' మొగ్గ బొటనవేలి గోరంత, గులాబీ మొగ్గకు అచ్చు నమూనా; వాసన సుతారంగా ఉంటుంది. ఇది కొనేటప్పుడు పొదగా పెరిగేదో, తీగగా పాకేదో అడిగి తీరాలి. తీగ రకం ఇరవై అడుగులు పాకగలదు, కుండీ దానికి బందిఖానా. 'పెర్ల్ డోర్' ఆప్రికాట్ పండు లాంటి పసుపు రంగులో ఇంకాస్త పెద్దగా పెరుగుతుంది, వాసన బావుంటుంది. 1890 నాటి 'క్లోటిల్డ్ సూపెర్'కు రేకులెక్కువ, వాసనా ఎక్కువే, కానీ వాన పట్టిందంటే మొగ్గలు విచ్చకుండా ముద్దలై కుళ్లిపోతాయి. పొడి గాలి ఉన్నచోట, పైకప్పు నీడ ఉన్నచోట దాన్ని పెట్టుకోవచ్చు.

నేను పదే పదే చెప్పే పేరు 'మారీ పావియే'. 1888 నాటిది. తెల్లని పూలలో లేత గులాబీ రంగు మెరుపు, ముళ్లు దాదాపు లేవు, రెండు మూడు అడుగుల దగ్గర గుండ్రంగా ఆగుతుంది, పక్కన కూర్చున్నవారికి వాసన దానంతటదే తెలుస్తుంది. ముళ్లు లేకపోవడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఇరుకు వసారాలో పిల్లలు పరుగెత్తేచోట, చీర కొంగో చున్నీయో రోజూ తగిలేచోట అదే అసలు విషయం.

పోర్ట్‌లాండ్ గులాబీలు: పన్నీరు వాసనే కావాలంటే

ఆ అసలైన పాత వాసన తప్ప మరేదీ గులాబీ కాదనేవారున్నారు. వారి మాటలో న్యాయముంది. డమాస్క్ వంశపు పాత గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసి, ఆరడుగులు పెరిగి, కొమ్మలు విరబోసుకుంటాయి. వాటి వాసనను తెచ్చుకుని, పొట్టిగా ఉంటూ మళ్లీ మళ్లీ పూసేవి పోర్ట్‌లాండ్ గులాబీలు. నిటారుగా పెరుగుతాయి, పక్కలకు ఎక్కువ చోటు తీసుకోవు, పూవు కాడ పొట్టిగా ఉండి పూవు ఆకుల ఒడిలో కూర్చున్నట్టుంటుంది. అందువల్ల పూజాకలశానికో, గాజు కూజాకో కాడతో కోయడం కుదరదు. రేకులు ఎండబెట్టుకోవాలన్నా, పళ్లెంలో నీళ్లు పోసి తేలవేయాలన్నా వీటిని మించినవి లేవు.

వీటిలో 'రోజ్ డి రెష్ట్' కుండీకి బాగా సరిపోతుంది. మూడడుగుల పొద, బంతిలా చిక్కని ముదురు ఎర్రగులాబీ రంగు పూవు, ఘాటైన వాసన. వయసు మీద పడే కొద్దీ పూయడం తగ్గిస్తుంది. ఏడాదికోసారి సగానికి గట్టిగా కత్తిరించి, ముసలి కొమ్మలను మొదలంటా తీసేస్తే మళ్లీ కొత్త కొమ్మలేసి పూస్తుంది. మొక్క మీద జాలిపడి కత్తెర పెట్టనివారు దీన్ని పెంచకపోవడమే మంచిది. 'కోంత్ డి షాంబోర్' ఇంకో మంచి రకం. గులాబీ రంగు, అంతే వాసన, కాస్త పెద్ద పొద.

ఇంగ్లిష్ గులాబీలు, ఫ్లోరిబండాలు

డేవిడ్ ఆస్టిన్ పాత గులాబీల వాసననూ ఆకారాన్నీ కొత్త గులాబీల ఆగని పూతతో కలపాలని పూనుకున్నారు. ఆయన మొదటి గులాబీ 'కాన్‌స్టెన్స్ స్ప్రై' 1961లో వచ్చింది, అది ఏడాదికోసారే పూసేది. ఆ తరువాత వచ్చిన వందలాది రకాల్లో చాలావాటికి గొప్ప వాసన ఉంది. నిండుగా రేకులు, కప్పులా పూవు. ఫోటో చూస్తే ఎవరికైనా ఇదే కావాలనిపిస్తుంది.

కుండీకి వీటన్నిటినీ ఒక గాటన కట్టకూడదు. పేరున్న 'గెర్‌ట్రూడ్ జెకిల్' వాసనకు సాటి లేదు గానీ అది చిన్నచోటులో ఇమడదు, పొడుగాటి కొమ్మలు విసురుతూ ముళ్లతో దారికి అడ్డం వస్తుంది. కుండీకి 1989 నాటి 'షరీఫా అస్మా' నయం. లేత గులాబీ రంగు, పండ్ల వాసన, పొట్టి పొద. దాని రేకులు సున్నితం, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే అంచులు మాడిపోతాయి. ఉదయపు ఎండ మాత్రమే వచ్చే తూర్పు వైపుకు అది తగినది. 2005 నాటి 'లేడీ ఎమ్మా హామిల్టన్' నారింజ రంగు, లేత ఆకులు రాగి రంగులో వస్తాయి, పండ్ల వాసన బలంగా ఉంటుంది. 2015లో వచ్చిన 'డెస్‌డెమోనా' తెల్లగా, పొందికగా పెరుగుతుంది, వాసన మాత్రం ఇందాక చెప్పిన మిర్. వీటిలో దేనికైనా అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న కుండీ తక్కువలో తక్కువ. అంత కుండీ పెట్టే వీలు లేకపోతే ఈ వంశాన్ని ముట్టుకోవద్దని నా గట్టి మాట. చిన్న కుండీలో ఇంగ్లిష్ గులాబీ ఏడాది బతుకుతుంది, రెండో ఏడు అలిగి కూర్చుంటుంది.

గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలు పాలియాంథాలకూ ఇంగ్లిష్ గులాబీలకూ మధ్య మార్గం. అందరికీ తెలిసిన 'ఐస్‌బర్గ్' తెల్లగా ఎంత పూసినా వాసన అంతంతే. దాని బదులు 1977 నాటి 'మార్గరెట్ మెరిల్' చూడండి. తెల్లని పూలకు నిమ్మ, మసాలా కలిసిన చక్కటి వాసన, కానీ తడి వాతావరణంలో నల్లమచ్చ తెగులు పట్టేస్తుంది. ఊదా రంగు 'ఏంజెల్ ఫేస్' నిమ్మ వాసనతో పొట్టిగా పరుచుకుంటుంది, తెగులు విషయంలో అదీ అంతే. కష్టపడే ఓపిక లేనివారికి వెన్నపసుపు 'జూలియా చైల్డ్'. వాసన మధ్యస్థం, సోంపు ఛాయ. ఆకులు మెరుస్తూ ఆరోగ్యంగా ఉంటాయి, పొద గుండ్రంగా దానంతటదే సర్దుకుంటుంది.

నేలను పాకే రకాలు, వాసన కోసమైతే వద్దు. బోకేల్లో కనిపించే హైబ్రిడ్ టీలు కుండీలో పొడుగ్గా, మోకాళ్ల దగ్గర బోడిగా తయారవుతాయి. 'డబుల్ డిలైట్' వాసన మీద మనసు పడ్డవారిని ఆపను గానీ దానికి పెద్ద కుండీ, ముందు వరసలో అడ్డంగా మరో చిన్న మొక్క కావాలి.

కుండీ సంగతి

గులాబీ వేరు కిందికి దిగాలనుకుంటుంది. అందుకే వెడల్పు కన్నా లోతు ముఖ్యం. చిట్టి రకాలకు పది లీటర్లు, పాలియాంథాకూ పోర్ట్‌లాండ్‌కూ ఇరవై అయిదు నుంచి ముప్పై, ఇంగ్లిష్ గులాబీకి నలభై అయిదు పైన. తడిసిన మట్టితో నలభై లీటర్ల కుండీ నలభై కిలోలు దాటుతుంది. బాల్కనీ గోడ మీద, రెయిలింగ్‌కు తగిలించి పెట్టేవి కావు ఇవి. పైఅంతస్తుల్లో ఉండేవారు ఈ బరువును ముందే లెక్కలోకి తీసుకోవాలి.

మట్టి కుండీ ఊపిరి పీలుస్తుంది, వేరు చల్లగా ఉంటుంది, కానీ ఎండాకాలం రోజుకు రెండుసార్లు నీళ్లు అడుగుతుంది. ప్లాస్టిక్ తేలిక, తడి నిలుస్తుంది. నల్ల ప్లాస్టిక్ మాత్రం ఎండలో కాలి, ఎండ పడే వైపు వేళ్లను ఉడకబెడుతుంది. ఎండ ఎక్కువైతే ప్లాస్టిక్ కుండీని దానికన్నా పెద్ద మట్టి కుండీలో దించి పెట్టండి, రెంటి మంచీ దక్కుతుంది. గుడ్డ సంచుల్లో వేరు బాగా పెరుగుతుంది, రోజూ నీళ్లు పోసే తీరిక ఉన్నవారికే అవి.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయని ఇంట్లో పెద్దలు కూడా చెబుతుంటారు. నిజానికి నీరు మెత్తని మట్టిలోంచి రాళ్లలోకి తేలిగ్గా దిగదు, మట్టి అడుగునే నిలుస్తుంది. రాళ్లు వేస్తే ఆ తడి పొర వేళ్లకు మరింత దగ్గరవుతుంది, వేరుకు దక్కాల్సిన లోతూ పోతుంది. రంధ్రం మీద చిన్న జాలీ ముక్క చాలు. కుండీని నేలకు అంటించకుండా మూడు పెంకుల మీద నిలబెట్టండి.

ఎండ రోజుకు ఆరు గంటలు ఉంటే ఏ రకమైనా పూస్తుంది. నాలుగు గంటలే వస్తే పాలియాంథాలనే నమ్ముకోండి. అంతకన్నా తక్కువైతే గులాబీ బదులు మల్లెనో మరొకదాన్నో చూసుకోవడం మొక్కకూ మీకూ మేలు.

అంటు మొక్కా, సొంత వేరు మొక్కా?

అంటు కట్టిన మొక్క మొదటి ఏడే జోరుగా పూస్తుంది. పెద్ద కుండీలో ఇంగ్లిష్ గులాబీకి అది ఉపయోగమే. కానీ అంటు కింద నుంచి అడవి పిలకలు వస్తుంటాయి. గమనించకుండా వదిలేస్తే రెండేళ్లలో మీరు కొన్న గులాబీ పోయి, ముళ్ల పొద మిగులుతుంది. అంటు దగ్గర కత్తిరించకుండా, మట్టి తవ్వి పిలకను పుట్టిన చోట నుంచి పీకేయాలి.

కొమ్మ గుచ్చి పెంచిన సొంత వేరు మొక్క మొదట బక్కగా, దీనంగా కనిపిస్తుంది. దాని వేరు వ్యవస్థ కూడా చిన్నదే కావడం కుండీకి కలిసొస్తుంది. పిలక వచ్చినా అదే రకం పిలక. ఎప్పుడైనా ఎండకు పైకొమ్మలు చచ్చినా వేరు నుంచి అదే గులాబీ తిరిగొస్తుంది. చిట్టి రకాలు, పాలియాంథాలు సొంత వేరు మీద దొరికితే నేను అంటు వైపు చూడను.

ఎవరికి ఏది

కూర్చునే కుర్చీ పక్కన ఒకే ఒక కుండీ అయితే 'మారీ పావియే'. అసలైన పన్నీరు వాసన తప్ప ఇంకేదీ వద్దంటే 'రోజ్ డి రెష్ట్', ఏటా కత్తిరింపు మాట మరవకుండా. కిటికీ గట్టంత చోటే ఉంటే, లేదా వేలాడదీయాలంటే 'స్వీట్ చారియట్'. పెద్ద కుండీ, తూర్పు ఎండ, కంటికి నిండైన పూవు కావాలంటే 'షరీఫా అస్మా'. వానలు ఎక్కువ, ఆకులకు మందు కొట్టే ఓపిక తక్కువ అయితే వాసనలో కాస్త రాజీపడి 'జూలియా చైల్డ్'. ఈ చివరి రాజీ తప్పు కాదు. నల్లమచ్చ శిలీంధ్రం మొలకెత్తడానికి ఆకు ఏడు గంటల పాటు తడిగా ఉంటే చాలు. వాన పడిన రాత్రి ఆకు తెల్లారేదాకా ఆరదు. అలాంటి చోట 'మార్గరెట్ మెరిల్' తెచ్చుకుని ఆకుల్లేని కొమ్మలను చూస్తూ బాధపడటం కన్నా, మధ్యస్థంగా గుబాళించే ఆరోగ్యమైన మొక్క వెయ్యి రెట్లు నయం. లేత రంగు, ఘాటు వాసన ఉన్నవాటికి తామరపురుగుల బెడదా ఎక్కువే. మొగ్గ అంచులు గోధుమ రంగుకు తిరుగుతున్నాయంటే ఆ మొగ్గలను తుంచి దూరంగా పారేయండి, కుండీ పక్కనే వదిలేయకండి.

ఎరువు కొద్దికొద్దిగా, ప్రతి పూత ముగిశాక, తడి మట్టిలోనే వేయండి. నత్రజని ఎక్కువైతే ఆకులు నవనవలాడి పేనుబంక చేరుతుంది, పూలు తగ్గుతాయి. రెండు మూడేళ్లకోసారి మొక్కను కుండీలోంచి తీసి, చుట్టలు చుట్టుకున్న వేళ్లను కొంత కత్తిరించి, కొత్త మట్టి పోయండి.

కొత్త మొక్క మొదటి పూలకు వాసన పలుచగా ఉండటం చాలాసార్లు జరుగుతుంది. వేరు ఇంకా కుదురుకోలేదు, మొక్క తన శక్తినంతా ఆకుల మీద పెడుతోంది. ఆ రెండు మూడు మొగ్గలను చూసి నిరుత్సాహపడి మొక్కను మార్చేయకండి. మూడో పూత దాకా ఆగండి, గాలి లేని ఒక ఉదయం సగం విచ్చిన పూవు దగ్గర వంగి చూడండి. అప్పటికీ ఏమీ లేకపోతేనే ఆ కుండీ ఇంకో గులాబీకి ఇవ్వండి.